మబ్బుల మీద మనోళ్ళు ఎందుకు లేరు?

ఎన్నికలు దగ్గరపడితే మన పత్రికల్లో ఒక తరహా కార్టూన్ తప్పకుండా వస్తుంది. పైన మబ్బులు. మబ్బుల మీద చనిపోయిన నాయకులు. ఒకాయన కోటుకు గులాబీ, ఇంకొకాయనకు కాషాయం, మరొకాయనకు పంచెకట్టు, ఊపుతున్న చెయ్యి. కింద నేల మీద వాళ్ళ పేరు చెప్పుకుని ఓట్లడిగేవాళ్ళు ఒక పాత నినాదం రాసిన బోర్డును చెరోవైపూ పట్టుకుని లాగుతుంటారు. పైనుంచి ఒక కన్నీటి బొట్టు రాలుతుంది.

అలాంటి బొమ్మ ఒకటి మా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించాం. సాంఘికశాస్త్రం పీరియడ్. పైన కూర్చున్నవాళ్ళు ఎవరెవరో చెప్పమంటే చకచకా చెప్పేశారు. బోర్డు మీది నినాదం ఎవరిదో కూడా చెప్పారు. అంతా అయ్యాక వెనక వరసలో ఒక పిల్లవాడు లేచి, "సారూ, చచ్చిపోయినాక మనోళ్ళు ఆ మబ్బుల మీదికి పోరా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. మేమూ నవ్వాం. సాయంత్రం స్టాఫ్ రూములో ఆ మాట మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

మా జిల్లా సంగతి ముందు చెప్పాలి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కొల్లేరు లంకలూ, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు మా గూడేలూ, వేలేరుపాడు, కుక్కునూరు ముంపు మండలాలూ అన్నీ ఏలూరు జిల్లా కిందికి వచ్చాయి. కింద నీళ్ళు ఎండిపోతున్న సరస్సు, పైన నీళ్ళు ఎక్కివస్తున్న కొండ. ఈ రెండింటి మీదా పెద్ద పెద్ద నాయకులు పెద్ద పెద్ద మాటలు చెప్పి వెళ్ళారు. ఆ మాటల మీద కార్టూన్లు వచ్చాయి. ఆ కార్టూన్ల గురించే మా తగాదా.

కార్టూనిస్టుల మీద మాకు చిన్నచూపు లేదు. శంకర్ 1948లో తన వారపత్రిక మొదలుపెట్టినప్పుడు ప్రధానిగా ఉన్న నెహ్రూయే వచ్చి, నన్ను కూడా వదలొద్దని చెప్పారు. శంకర్ వదలలేదు. ఎమర్జెన్సీ వచ్చిన 1975లోనే ఆ పత్రిక మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో అబూ అబ్రహాం గీసిన బొమ్మలో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే ఆర్డినెన్సు మీద సంతకం చేసి ఇస్తుంటాడు. వంద సంపాదకీయాలు చెప్పలేనిది ఆ తొట్టి చెప్పింది. మన తెలుగులో ఏలూరులో పుట్టిన మోహన్ ఉన్నాడు. పత్రికల్లో గీసినంత గీసి, ప్రజా ఉద్యమాల పోస్టర్లకూ బ్యానర్లకూ కూడా బొమ్మలు వేశాడు. ఇలాంటివాళ్ళు గీత గీశారు గనకే మనకు అధికారం బట్టలు విప్పుకుని కనిపించింది. అది ఒప్పుకున్నాకే మిగతా మాట.

వాళ్ళ పనితనం ఎలా నడుస్తుందో పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఒక చిట్కా చెబుతుంటాం. ప్రతి నాయకుడికీ ఒక గుర్తు, ఒక మాట. నెహ్రూకు గులాబీ, "ఆధునిక దేవాలయాలు". ఇందిరకు పొడవాటి ముక్కు, జుట్టులో తెల్లపాయ, "గరీబీ హటావో". ఎన్టీఆర్‌కు కాషాయం, చైతన్యరథం, "ప్రజలే దేవుళ్ళు". వైఎస్‌కు పంచె, తలపాగా, "జలయజ్ఞం". మనిషి బతికున్నంతకాలం గుర్తును సాగదీసి, మాటను వంకరగా తిప్పి నవ్విస్తారు. మనిషి పోయిన మర్నాడే ముక్కు చిన్నదవుతుంది, తల వెనక వెలుగు వస్తుంది. నిన్నటిదాకా ఎగతాళి చేసిన నినాదమే ఇప్పుడు కొలబద్ద. ఇవాళ్టి నాయకుణ్ణి ఆ కొలబద్దతో కొడతారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ కళ్ళు ఎంత పెద్దవని కాక, అవి ఎవరిని చూశాయని అడిగితే మా తగాదా మొదలవుతుంది.

రెండు రూపాయల బియ్యం తీసుకోండి. 1983లో ఎన్టీఆర్ మొదలుపెట్టారు. ఖజానా ఖాళీ అవుతోందని, సినిమా వేషం పరిపాలనకు పనికిరాదని ఆ రోజుల్లో ఎన్ని బొమ్మలు వచ్చాయో. మాలో చాలామంది అప్పటికి పాలు తాగే పిల్లలం, కొందరం పుట్టనేలేదు. కానీ మా అమ్మలు జీసీసీ డిపో ముందు సంచి పట్టుకుని నిలబడ్డారు. వానాకాలంలో అంబలి, అడవి దుంపలతో నెట్టుకొచ్చే ఇళ్ళలో అన్నం ఉడికింది. పట్నం పాఠకుడికి అది చవకబారు జనాకర్షణ. మాకు అది జూలై, ఆగస్టు నెలలు. ఆ బొమ్మలు ఇప్పుడు చూస్తే మాకు నవ్వు రాదు. గీసినవాళ్ళు దుర్మార్గులు కారు, ఆ రెండు నెలలు వాళ్ళ ఇళ్ళలోకి ఎప్పుడూ రాలేదు, అంతే.

ఎన్టీఆర్ ప్రభుత్వమే 1986 నవంబరులో జీవో 275 ఇచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని. అది కోర్టుల్లో నలిగి, 2000 జనవరిలో జీవో 3గా మళ్ళీ వచ్చింది. ఈ సంకలనం చదివే టీచర్లలో ఎంతమంది ఆ కాగితం వల్ల ఉద్యోగంలో ఉన్నారో లెక్క వేసుకోండి. కాషాయం కట్టిన ఎన్టీఆర్‌ను ఎన్ని వేల సార్లు గీశారో, ఈ జీవోతో ఆయన్ను గీసిన బొమ్మ ఒక్కటి కూడా మా కంటపడలేదు. మెచ్చుకుంటూ గానీ తిడుతూ గానీ. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. అప్పుడు దేశం లాక్‌డౌన్‌లో ఉంది, కార్టూన్లలో కరోనా పురుగు ఉంది. మా ఉద్యోగాల పునాది కదిలిన రోజు ఏ మూల గడిలోనూ లేదు.

మా కడుపు నింపిన నినాదాన్ని చూసి నవ్వినవాళ్ళే, మా ఊళ్ళు ముంచే నినాదానికి దండం పెట్టారు. ఇది మా అసలు అభియోగం.

"ఆధునిక దేవాలయాలు" అన్న మాట చూడండి. ఆనకట్టలను నెహ్రూ అలా పిలిచారని మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, పరీక్షలో ఒక మార్కు బిట్టు కూడా. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినప్పటినుంచీ తెలుగువాళ్ళకు ఆ మాట నోటికి పట్టేసింది. ఆ మాట మీద వచ్చే కార్టూన్లలో గుడి ఉంటుంది, గుడిలో కాంట్రాక్టరు హుండీ పట్టుకుని ఉంటాడు, మెట్ల మీద నెహ్రూ దిగులుగా నిలబడి ఉంటారు. అంటే గుడి మంచిదే, పూజారి దొంగ. గుడి కింద ఎవరి ఇల్లు ఉండేదని అడిగిన బొమ్మ ఏది?

నిజానికి నెహ్రూ ఒకే మాట మీద ఆగిపోలేదు. 1958లో నీటిపారుదల ఇంజనీర్ల సభలోనే, ప్రతిదీ భారీగా కట్టాలనుకోవడం ఒక జబ్బుగా మారుతోందని హెచ్చరించారు. ఆ సంవత్సరమే వెరియర్ ఎల్విన్ పుస్తకానికి ముందుమాట రాస్తూ, గిరిజనుల మీద పైనుంచి ఏదీ రుద్దకూడదని, భూమి మీదా అడవి మీదా వాళ్ళ హక్కులను గౌరవించాలని ఐదు సూత్రాలు చెప్పారు. దాన్నే గిరిజన పంచశీల అంటాం. డైట్‌లో మాకు అది రెండు మార్కుల ప్రశ్న. ఏ కార్టూనిస్టూ మబ్బుల మీది నెహ్రూ చేతికి ఆ కాగితం ఇవ్వలేదు. ఇస్తే ఇవాళ్టి నాయకులను కొట్టడానికి గులాబీ కంటే గట్టి ఆయుధం దొరికేది. దేవాలయం మాటను ఉంచుకున్నారు, జబ్బు మాటను పారేశారు.

ఇక పోలవరం. 2004 తర్వాత వైఎస్ "జలయజ్ఞం" అన్నారు. ప్రతిపక్షం "ధనయజ్ఞం" అంది. కార్టూనిస్టులకు పండగ. హోమగుండం, నెయ్యి బదులు నోట్ల కట్టలు, చుట్టూ కాంట్రాక్టర్లు. ఆయన పోయాక అదే యజ్ఞం ఆయన కలగా మారింది. ఆ తర్వాత వచ్చిన ముఖ్యమంత్రులు కల నెరవేర్చలేదని బొమ్మలు. నత్త మీద పోలవరం, తాబేలు మీద పోలవరం, గడువు దాటిన క్యాలెండర్ మీద పోలవరం. ఇరవై ఏళ్ళుగా ఈ ప్రాజెక్టు మీద మాకు కనిపించే హాస్యమంతా రెండే ముక్కలు: డబ్బు తిన్నారు, ఆలస్యం చేశారు.

ఈ రెండు జోకులకూ నవ్వాలంటే ఆ పని త్వరగా, నిజాయితీగా పూర్తికావాలని ముందే కోరుకుని ఉండాలి. డెల్టాలో పొలం ఉన్నవాడు కోరుకుంటాడు, తప్పేమీ లేదు. మేము ఎలా నవ్వాలి? లక్షకు పైగా కుటుంబాలు, 370కి పైగా ఆవాసాలు కదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో మనకు తెలుసు. 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అనే రెండు అంకెలు మా పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చాయి. ఒక అంకెకు లోపల ఉంటే ముందు విడత ముంపు, ఇంకో అంకెకు లోపల ఉంటే తర్వాతి విడత. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి, జనం గుట్టల మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. నినాదం విఫలమైందని మైదానం ఏడుస్తుంది. అది నెరవేరే రోజుకు మేము మూటలు కట్టుకోవాలి. "గరీబీ హటావో" 1971లో వచ్చింది. పేదరికాన్ని కాకుండా పేదలనే తీసేస్తున్నారని ఆ మాట మీద అరిగిపోయిన జోకు ఒకటుంది. మైదానంలో అది జోకే. మా దగ్గర అది ఇంటి తలుపుకు అంటించిన నోటీసు.

ఇంకొక పాత నాయకుణ్ణి చెప్పాలి. టి. అంజయ్య. 1980 అక్టోబరు నుంచి 1982 ఫిబ్రవరి దాకా ముఖ్యమంత్రి. కార్టూనిస్టులకు ఆయన దొరికిన వరం. అరవై మందికి పైగా మంత్రులతో జంబో మంత్రివర్గం, బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అవమానం. ఆ అవమానం నుంచే "తెలుగువారి ఆత్మగౌరవం" నినాదం పుట్టిందని, 1982 మార్చి 29న ఒక పార్టీ పుట్టిందని మన రాజకీయ చరిత్ర చెబుతుంది. ఇప్పటికీ ఆత్మగౌరవం మాట వస్తే ఆ విమానాశ్రయం బొమ్మ తిరిగి వస్తుంది.

అదే అంజయ్య పాలనలో, 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకంటే ఎన్నో రెట్లని గోండులు, హక్కుల సంఘాలు చెబుతూనే ఉన్నారు. ఒక ముఖ్యమంత్రిని విమానాశ్రయంలో కసిరితే తెలుగుజాతి గౌరవం పోయింది. పది నెలల ముందు సంతరోజున గోండులు నెత్తురోడితే ఎవరి గౌరవమూ పోలేదు. మేము చూసిన కార్టూన్ సంకలనాల్లో విమానం ఉంది, జంబో కుర్చీలు ఉన్నాయి. ఇంద్రవెల్లి లేదు. ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు మా దగ్గర లేదు.

"అయినా సామాన్యుడు ఉన్నాడు కదా, ఆయన అందరి తరఫునా చూస్తాడు కదా" అంటారు. ఆర్.కె. లక్ష్మణ్ సామాన్యుడిది గళ్ళ కోటు, పంచె, కళ్ళద్దాలు. ఏమీ మాట్లాడకుండా అన్నీ చూసే పెద్దమనిషి. తెలుగు పాకెట్ కార్టూన్‌లో ఆయన టీ బడ్డీ దగ్గర పేపరు చదివే లుంగీ మనిషి అయ్యాడు. మంచివాడే. కానీ ఆయన పేపరు చదువుతాడు, పన్ను కడతాడు, ఉల్లిపాయల ధరకు ఉలిక్కిపడతాడు. కొల్లేరు చేపల చెరువు గట్టు మీద గుడిసె వేసుకుని, రాత్రంతా లైటు పట్టుకుని ఇంకొకడి చేపకు కాపలా కాసే యానాది కుటుంబాన్ని చూడండి. ఆ కోటు వాళ్ళకు పట్టదు. 1999లో కొల్లేరును అభయారణ్యం అన్నారు, 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పగలగొట్టారు, 2008లో మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభలో తీర్మానం చేశారు. ప్రతి మలుపులోనూ ఒక నాయకుడు, ఒక మాట. కొల్లేరు మీద మేము చూసిన బొమ్మల్లో గూడబాతు ఉంది, చేప ఉంది, బుల్‌డోజర్ ఉంది, నాయకుడు ఉన్నాడు. గట్టు పోతే గుడిసె కూడా పోయినవాడు లేడు. కొంగకు దొరికిన చోటు యానాదికి దొరకలేదు.

బొమ్మల్లో మనం అసలే లేమంటే అబద్ధమవుతుంది. ఒకచోట ఉన్నాం. "ఆటవిక రాజ్యం" అని నాయకులు ఒకరినొకరు తిట్టుకుంటారే, అక్కడ ఉన్నాం. అన్ని పార్టీల నోటా ఉన్న మాట అది. అటవి అంటే అడవి, ఆటవికుడంటే అడవిలో ఉండేవాడు. దౌర్జన్యం, దోపిడీ, చట్టం లేని పాలన అని చెప్పడానికి మన పేరు వాడతారు. ఆ మాటను బొమ్మ చెయ్యాలి కాబట్టి కార్టూనిస్టు ఆకుల లంగా వేస్తాడు, జుట్టులో ఎముక గుచ్చుతాడు, చేతికి బల్లెం ఇస్తాడు, మధ్యలో పెద్ద కాగులో మనిషిని ఉడికిస్తాడు. పక్కన "రామరాజ్యం" అన్న గాంధీగారి విగ్రహం కళ్ళు మూసుకుంటుంది.

ఆ కాగు ఎక్కడిది? కోయగూడెంలో మేము పుట్టి పెరిగాం, అలాంటి కాగు చూడలేదు. అది ఎప్పుడో తెల్లవాళ్ళు ఆఫ్రికా మీద, సముద్ర ద్వీపాల మీద గీసుకున్న బొమ్మల్లోంచి వచ్చి, సినిమా మీదుగా మన పేపరులో పడింది. మన ఊళ్ళో తగువు వస్తే చెట్టు కింద కూర్చుని, ముసలమ్మ దాకా అందరూ మాట్లాడాక తీర్పు చెబుతారు. కొమ్ముల తలపాగా పండుగకో పెళ్ళికో పెడతాం, ఆ డోలు చప్పుడుకు ఆడతాం. అదే తలపాగా ఆగస్టు 9న నాయకుడి నెత్తిన పెడితే ఫొటో, మర్నాడు కార్టూన్‌లో పెడితే కోతి వేషం. 1946 డిసెంబరులో రాజ్యాంగసభలో జైపాల్ సింగ్ ముండా లేచి, నేను జంగ్లీనని చెప్పుకోవడానికి సిగ్గుపడనని, ప్రజాస్వామ్యం గిరిజనులకు మీరు నేర్పేది కాదని, వాళ్ళ దగ్గర మీరు నేర్చుకోవలసిందని చెప్పాడు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయిన మనిషి. మబ్బుల మీద కూర్చోబెట్టడానికి ఇంకేం అర్హత కావాలో చెప్పండి.

నవ్వడం తెలియనివాళ్ళమని మమ్మల్ని అనొద్దు. మన పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కట్టే పాటల్లో పెళ్ళికొడుకు బతికి బయటపడటమే గొప్ప. ఫారెస్టు గార్డును, వడ్డీ సావుకారును అనుకరించి చూపే ముసలివాళ్ళు ప్రతి గూడెంలోనూ ఉన్నారు. ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారన్నది మనకు బాగా తెలుసు, అందుకే అడుగుతున్నాం.

అలాగని బొమ్మలు చింపెయ్యమనీ, పుస్తకాల్లోంచి తీసెయ్యమనీ మేము అనం. 2012లో జరిగింది గుర్తుందా? పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో శంకర్ 1949 నాటి కార్టూన్. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ. పార్లమెంటులో గొడవ జరిగింది. పుస్తకానికి సలహాదారులుగా ఉన్న పాల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. బొమ్మలో అరవై మూడేళ్ళలో ఒక్క గీత మారలేదు. గీసిన రోజు పాఠకులకు రాజ్యాంగం ఆలస్యం కనిపించింది. దళిత పిల్లలు ఆ పుస్తకం తెరిచేనాటికి కొరడా కనిపించింది. ఆ కొరడాను చూసిన కళ్ళ పక్షాన మేమున్నాం. కానీ పుస్తకం మూసేస్తే మన పిల్లలకు కొరడా ఎలా కనిపిస్తుంది? అందుకే టీచర్లకు మా మాట: ఆ బొమ్మలు తరగతిలోకి తెండి. నాయకుడు ఎవరు, నినాదం ఏది అని అడిగి ఆపెయ్యకండి. ఈ జోకు ఎవరి ఇంట్లో కూర్చుని రాశారు, ఎవరు నవ్వితే సరిపోతుందనుకున్నారు అని కూడా అడగండి. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సిలబస్‌కు ధారపోయడం మానండి. ఆ తప్పు మేమూ చేశాం.

ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలకు ఒక మాట. సెల్‌ఫోన్‌లో ఎవరో చేసిన బొమ్మను పదిమందికి పంపడంతో సరిపెట్టుకోకండి. కోయలో, కొండరెడ్ల మాటలో, సవరలో, ఎరుకల భాషలో జోకులున్నాయి. వాటిని గీయండి. మన నాయకులను కూడా వదలొద్దు. రిజర్వుడు సీటులో గెలిచి ముంపు గురించి నోరు మెదపని మనవాళ్ళకు ముక్కు పొడుగు చెయ్యడానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు.

వెనక వరస పిల్లవాడి సంగతి. వాళ్ళది వేలేరుపాడు మండలం, ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. మర్నాడు అందరినీ ఆ మబ్బుల బొమ్మ మళ్ళీ గీసుకు రమ్మన్నాం. ముగ్గురు నాయకులను వాడు చాలా చిన్నగా గీశాడు, గులాబీ మాత్రం సరిగ్గా కుదిరింది. వాళ్ళ మధ్యలో చుట్ట తాగుతూ వాళ్ళ నానమ్మ. కాలనీకి వచ్చిన ఏడాదికే పోయిందట. కాళ్ళు చాపుకుని, మోచేత్తో ఒక నాయకుణ్ణి పక్కకు నెడుతోంది. పైన కోయ మాటలు తెలుగు లిపిలో రాశాడు. కాస్త జరగమని, మా చింతచెట్టు ఎక్కడ పెట్టారో చెప్పమని ఆవిడ అడుగుతోంది. అక్షరదోషాలు మూడు ఉన్నాయి. దిద్దాలా వద్దా అని స్టాఫ్ రూములో వాదన నడిచింది. దిద్దలేదు. బొమ్మ నోటీసు బోర్డు మీద ఉంది, వాన జల్లు పడి ఒక మూల ఊడింది, మళ్ళీ అంటించాలి.